ఆముదం డబ్బా నుంచి 0డబ్ల్యూ-20 దాకా: మన ఉస్తాదుల తేల్ తారీఖ్

మా మామూ షెడ్డుకు బోర్డు లేదు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, వేపచెట్టు కింద నాలుగు రేకులు, ఒక గుంట, గోడకు మేకుల మీద వేలాడే పానాలు. నలభై ఏళ్లుగా అంతే. మామూకు ఇంగ్లీషు రాదు. తెలుగు ధారాళంగా మాట్లాడతాడు గానీ చదవలేడు. ఉర్దూ మాత్రం అఖ్బార్ చదివేంత వచ్చు. ఇంజన్ ఆయిల్ డబ్బాలను ఆయన రంగుతో గుర్తుపడతాడు. పచ్చడబ్బా, ఎర్రడబ్బా, పసుపుడబ్బా. కంపెనీవాళ్లు రంగు మార్చినప్పుడల్లా ఆయనకు ఒక వారం పరేషానీ.

కొన్ని నెలల కింద ఒక కుర్రాడు కొత్త పెట్రోల్ కారు తీసుకొచ్చాడు. ఆయిల్ కూడా తనే కొనుక్కొచ్చాడు. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉంది. మామూ మూత తీసి, రెండు చుక్కలు వేళ్ల మధ్య వేసుకుని రుద్ది చూశాడు. "క్యా తేల్ హై రే ఏ, పానీ జైసా!" అన్నాడు. నీళ్లలా ఉన్న ఈ నూనె మన ఎండలకు, మన ఘాట్‌రోడ్డుకు ఏం ఆగుతుంది, 20డబ్ల్యూ-50 పోస్తాను, ఇంజన్ బతుకుతుంది అన్నాడు. ఆ అబ్బాయి మారుమాట అనలేదు. "కార్ బుక్‌లో ఇదే ఉందండీ" అని మెల్లగా చెప్పి, డబ్బా మళ్లీ డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు.

మామూకు గిరాకీ పోయినందుకు కాదు బాధ. "పేపర్ వాడివి కదా, చదివి చెప్పు. సహీ ఎవరు, నేనా, ఆ పోరగాడా?" అన్నాడు నాతో. రెండు నెలలు చదివాను. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మన ఖాందాన్‌లలో కారు ఉన్న ఇల్లూ ఎక్కువే, కారు బాగుచేసి బతికే ఇల్లూ ఎక్కువే కాబట్టి.

ఈ కథ పెట్రోలుతో మొదలు కాదు. మన ఎడ్లబండి ఇరుసుతో మొదలవుతుంది. ఇరుసుకు రాసే కందెన అంటే ఆముదంలో గడ్డి మసి కలిపిన నల్లటి ముద్ద. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే సామెత ఊరికే పుట్టలేదు. మన ఇళ్లలో అదే ఆముదం అరండీ కా తేల్. అమ్మీలు పిల్లల నోట్లో బలవంతంగా పోసినది, తలకు రాసినది, దీపంలో వెలిగించినది. రైళ్లు వచ్చిన కొత్తలో మన దేశంలో రైలు యంత్రాలకు కూడా దాన్నే కందెనగా వాడారు. నిజాం రాజ్యంలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఆముదం పంట విస్తారంగా ఉండేది. మన వైపు నుంచి ఓడలెక్కి విలాయత్ కూడా పోయేది.

విలాయత్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో కందెన నూనెల కంపెనీ పెట్టాడు. 1909లో ఖనిజ నూనెలో ఆముదం కలిపి ఒక కొత్త సరుకు తయారుచేసి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అన్న మాట మీదే దానికి పేరు పెట్టాడు: క్యాస్ట్రాల్. మన షెడ్లలో రోజూ వినిపించే ఆ పేరు వెనక ఉన్నది మన పొలం గట్టు మీది ఆముదం చెట్టు. ఈ మాట చెప్పినప్పుడు మామూ ముఖం చూడాలి! మొదటి జంగ్ జమానాలో విమానాల ఇంజన్లు కూడా ఆముదం మీదే తిరిగాయి. ఆ ఇంజన్లు నూనెను కాల్చి బయటికి ఊదేవి. ఆ పొగ, ఆ తుంపర పీల్చిన పైలట్లకు కడుపు కదిలేదట. మా అమ్మీ చేతి ఆముదం తాగిన ఎవరికైనా ఆ కష్టం తెలుసు.

ఆముదం వేడికి బాగా ఆగుతుంది, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఐబ్ ఏమిటంటే, కొన్నాళ్లకు బంకలా మారి ఇంజన్ లోపల అట్టకడుతుంది. అందుకే భూమిలోంచి తీసిన ఖనిజ నూనెదే పైచేయి అయింది. అమెరికాలో 1866లో పుట్టిన వ్యాక్యూమ్ ఆయిల్ అనే కంపెనీ అమ్మిన మొబిలాయిల్ ఎంత దూరం పాకిందంటే, మన ముసలి ఉస్తాదులకు ఏ కంపెనీ ఇంజన్ ఆయిల్ అయినా 'మోబిల్'. మా మామూ ఇప్పటికీ "మోబిల్ బదల్‌నా హై" అంటాడు.

ఇక డబ్బా మీది అంకెలు. అమెరికాలో మోటారు ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 1905లో ఏర్పడింది. 1911లో నూనెలకు చిక్కదనాన్ని బట్టి నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో సన్నని రంధ్రం గుండా ఇంత నూనె కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి చిక్కదనం కొలిచేవారు. నంబర్ పెద్దదైతే నూనె చిక్కన. నేను ఉర్దూ మీడియంలో చదివినప్పుడు సైన్స్ కితాబ్‌లో దీన్ని లజూజత్ అన్నారు. తర్వాత తెలుగులో స్నిగ్ధత అని చదివాను. రెండు మాటలూ పరీక్ష రాయడానికే పనికొచ్చాయి. మామూ దగ్గర రెండే మాటలు: గాఢా, పత్లా. నాకు విషయం అర్థమైంది ఆ రెంటితోనే.

నూనెకు ఉన్న చిక్కేమిటంటే చలికి గాఢా అవుతుంది, వేడికి పత్లా అవుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు అది పత్లాగా ఉండి పైదాకా తొందరగా ఎక్కాలి. ఇంజన్ కాగాక అది మరీ నీళ్లైపోకూడదు. ఒకే నంబరు నూనెల జమానాలో చలిదేశాల వాళ్లు చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి మార్చుకునేవారు. 1950ల మొదట్లో రెండు నంబర్ల నూనెలు వచ్చాయి. చల్లగా ఉంటే ముడుచుకుని, వేడెక్కితే విచ్చుకునే సన్నని పోగుల్లాంటి పాలిమర్లను నూనెలో కలిపారు. 20డబ్ల్యూ-50 అంటే చలిలో 20డబ్ల్యూ లాగా, 100 డిగ్రీల వేడిలో 50 లాగా ప్రవర్తించే నూనె. డబ్ల్యూ అంటే మన షెడ్లలో సగం మంది 'వెయిట్' అనుకుంటారు. కాదు, వింటర్, శీతాకాలం. 5డబ్ల్యూ, 0డబ్ల్యూ అని అంకె తగ్గేకొద్దీ చలిలో ఇంకా సులువుగా పారుతుందని అర్థం.

ఇప్పుడు మన కొండ దగ్గరికి వద్దాం. తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. ప్రపంచంలో జంగ్ నడుస్తున్న కాలం. పెట్రోలుకు రేషన్. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నో బస్సులు వెనక బొగ్గు కుంపటి కట్టుకుని, ఆ గ్యాస్ మీద నడిచేవి. బొగ్గు గ్యాస్‌తో మసి ఇంజన్ లోపలికి చేరి నూనెను తినేసేది. అలాంటి రోజుల్లో కొండ కింద నుంచి పైకి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పద్దెనిమిది, పంతొమ్మిది కిలోమీటర్లలో ఎక్కాలి. రెండో ఘాట్‌రోడ్డు 1974లో వచ్చాకే ఎక్కడానికొకటి, దిగడానికొకటి అయ్యాయి. మొదట దేవస్థానమే బస్సులు నడిపేది, డెబ్బైలలో ఆర్టీసీ చేతికి పోయాయి. వాటి పక్కనే అంబాసిడర్ టాక్సీలు.

మామూ హునర్ పుట్టింది ఆ టాక్సీల కింద పడుకునే. నిండా మనుషులు, పైన సామాను, ఫస్టు గేరు, సెకండు గేరు, మధ్యలో ఆపి రేడియేటర్‌లో నీళ్లు. ఆ ఇంజన్ బ్రిటిష్ వాళ్ల యాభైల నాటి డిజైన్. బేరింగుల మధ్య సందులు పెద్దవి. లక్ష కిలోమీటర్లు తిరిగాక ఆ సందులు ఇంకా పెద్దవయ్యేవి. పల్చటి నూనె పోస్తే ఆ సందుల్లోంచి జారిపోయి, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగేది. గాఢా నూనె పోస్తే సందు నిండేది, చప్పుడు తగ్గేది, పొగ తగ్గేది. కాబట్టి మామూ తజుర్బా గలత్ కాదు. ఆయన చేతికి వచ్చిన ఇంజన్‌కు ఆయన పోసిన నూనె వంద శాతం సహీ. ఇప్పటికీ మన ఊళ్లలో తిరిగే పాత అంబాసిడర్లకు, అరిగిన పాత జీపులకు అదే సహీ.

నూనె దొరికే తీరు కూడా ఆ జమానాలో వేరు. బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్ బంకుల్లో విదేశీ డబ్బాలు. 1969లో మద్రాసు పక్కన మణలిలో రిఫైనరీ మొదలైంది. ఇంజన్ ఆయిల్‌కు కావలసిన మూల నూనె మనకు దగ్గర్లోనే తయారవడం అప్పటి నుంచే. 1972లో ఇండియన్ ఆయిల్ సర్వో పేరు పెట్టింది. డెబ్బైల చివరికి ఆ విదేశీ కంపెనీలన్నీ సర్కారువి అయిపోయి, భారత్ పెట్రోలియం, హిందుస్తాన్ పెట్రోలియం అయ్యాయి. మామూ చెప్పే పసుపుడబ్బా, ఎర్రడబ్బా కథలన్నీ ఈ కాలానివే.

మరి మారింది ఏమిటి? ఎండ మారలేదు, కొండ మారలేదు. ఇంజన్ మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాత కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంబాసిడర్‌కే తొంభైలలో జపాన్ ఇసుజు ఇంజన్ పెట్టారు. ఆ ఇసుజు కంపెనీయే 2016లో మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. అంబాసిడర్ తయారీ మాత్రం అంతకు రెండేళ్ల ముందే, 2014లో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6.

కొత్త ఇంజన్‌లో నూనె పని కందెన ఒక్కటే కాదు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరిపే యంత్రం నూనె ఒత్తిడితోనే కదులుతుంది. టైమింగ్ చైన్‌ను బిగించి పట్టేది నూనె ఒత్తిడే. టర్బో ఉంటే, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు నిలబడేది నూనె పొర మీదే. ఈ దారులన్నీ సన్ననివి. 100 డిగ్రీల వేడిలో 20 నంబరు నూనె చిక్కదనం 6.9 నుంచి 9.3 దాకా ఉండాలని లెక్క. 50 నంబరుది 16.3 నుంచి 21.9. అంటే రెట్టింపు, కొన్నిసార్లు మూడింతలు. సన్న సూది కోసం చేసిన దారాన్ని వదిలేసి పురికొస ఎక్కించినట్టు. ఇంజన్ ఆ పూటే ఆగిపోదు, అదే అసలు ధోఖా. స్టార్ట్ చేసినప్పుడల్లా నూనె పైకి ఆలస్యంగా చేరి అక్కడక్కడ అరుగుతూ పోతుంది, మైలేజీ పడిపోతుంది. కారణం మూడేళ్లకు గాని తెలియదు.

"మన ఎండలకు?" అని మామూ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మేలో తిరుపతి ఎండ 42, 43 దాటుతుంది. కానీ బయట 25 ఉన్నా 43 ఉన్నా, రేడియేటర్, థర్మోస్టాట్ కలిసి ఇంజన్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతాయి. లోపలి నూనె వేడి దాని చుట్టూనే తిరుగుతుంది. ఘాట్‌లో నిండు బరువుతో ఎక్కేటప్పుడు పెరుగుతుంది, నిజమే. కంపెనీవాళ్లు దానికీ లెక్క కట్టుకునే నంబరు ఇస్తారు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పత్లా నూనె వెనక ఇంజన్ మేలు ఒక్కటే లేదు. మైలేజీ నిబంధనలు దాటడానికి కంపెనీలు ఎంత పల్చగా వీలైతే అంత పల్చగా జరుగుతున్నాయి. అదే ఇంజన్‌కు వేర్వేరు దేశాల కితాబ్‌లలో వేర్వేరు నంబర్లు ఉంటాయి. కొన్ని కార్ల కితాబ్‌లో రెండు మూడు నంబర్లు ఇచ్చి, ఏ వాతావరణానికి ఏది అని పట్టీ కూడా వేస్తారు. అలా ఉంటే, మాటిమాటికీ కొండెక్కే బండికి ఆ పట్టీలోనే కాస్త గాఢా ఉన్నది ఎంచుకోవడంలో తప్పులేదు. పట్టీ దాటి పోవడం తప్పు.

నంబర్ సగమే. రెండో సగం అక్షరాలు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

అమెరికన్ పెట్రోలియం సంస్థ ఏపీఐ నూనెలకు తరగతులు ఇస్తుంది. పెట్రోల్ ఇంజన్లకు ఎస్‌తో మొదలయ్యేవి, డీజిల్‌కు సీతో మొదలయ్యేవి. ఎస్‌ఏ అంటే ఏ మందూ కలపని వట్టి నూనె, తాతల కాలంనాటిది. అక్కడి నుంచి కొన్ని అక్షరాలు వదిలేస్తూ ముందుకు నడిచి ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో పెట్రోలు ముందే అంటుకుని పిస్టన్ పగిలే రోగం ఒకటి ఉంది. ఎస్‌పీ దానికి మందు. పాత ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్ డబ్బాలో ఆ మందు ఉండదు, నంబర్ ఒకటే అయినా.

డీజిల్‌లో సీఐ-4 2002లో వచ్చింది. సీజే-4 2006లో, సీకే-4 2016లో. వీటి మధ్య ఫరఖ్ బూడిదది. బీఎస్-6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మసి నిండితే బండి దాన్ని తనే కాల్చేసుకుంటుంది. కానీ ఇంజన్ ఆయిల్‌లో కలిపే లోహపు మందులు కాలితే వచ్చే బూడిద కాలదు, అక్కడే మిగిలిపోతుంది. అందుకే సీజే-4 నుంచి బూడిద ఒక శాతం దాటకూడదని హద్దు పెట్టారు. నా బండి బీఎస్-6 డీజిల్. నేను చేసిందేమిటి? అడిగినచోట చవగ్గా దొరికిన సీఐ-4 డబ్బా మూడుసార్లు పోయించాను. పోసినవాడిదీ తప్పు కాదు, డబ్బా తెచ్చింది నేనే. పోయిన ఏడాది భాకరాపేట ఘాట్‌లో ఎక్కుతుంటే జల్లెడ లైటు వెలిగింది. బండి బలం కోల్పోయి నత్తలా పాకింది. వెనక సీట్లో అమ్మీ తస్బీ తిప్పుతూ కూర్చుంది. ఊళ్లో నిత్యం రెండు మూడు కిలోమీటర్లు తిప్పడం వల్ల కూడా మసి పేరుకుని ఉండొచ్చు, తప్పంతా నూనెది అనను. కానీ జల్లెడ మార్చడానికి అయిన ఖర్చు నా నెల జీతం దాటింది. కారు కితాబ్ అప్పటిదాకా గ్లవ్ బాక్స్‌లో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. తెలుగులో డిగ్రీ చేసి, రోజూ అక్షరాలు అమ్ముకుని బతికేవాడి హాల్ అది!

ఆ జల్లెడ ఉన్న బండ్లలో ఇంకో సంగతి. కొన్నిట్లో జల్లెడ శుభ్రం కావడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత కింద నూనెలోకి జారుతుంది. కొలపుల్ల తీసి చూస్తే నూనె తగ్గడం కాదు, పెరిగి ఉంటుంది. పెరిగిందంటే బరకత్ అనుకోకండి, వెంటనే మార్చాలి. దీనికి ఎదురుగా ఒక పాత అపోహ: నూనె నల్లబడితే చెడిపోయినట్టే అని. డీజిల్‌లో వేసిన రెండో రోజే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుని ఇంజన్ గోడలకు అంటకుండా చూడటం దాని పని, పని చేస్తోందని గుర్తు. మార్చే లెక్క రంగు కాదు, కిలోమీటర్లు. తక్కువ తిరిగే బండికి ఏడాది.

ఇదంతా చెప్పాక మామూ చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మౌనం నాకు అర్థమైంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా ఉన్న పనుల్లో వాహనాల మరమ్మతును కూడా చెప్పింది. నివేదిక అక్కర్లేదు, పీలేరులో, మదనపల్లెలో, పలమనేరులో, చిత్తూరులో ఏ మెకానిక్ షెడ్డుల వరస చూసినా తెలుస్తుంది. దూది ఏకే పని పోయాక ఇటు వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. బడి మానేసిన పిల్లవాడిని "ఉస్తాద్ దగ్గర పెట్టాం" అంటారు. ఆ ఇల్మ్ అంతా చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి వచ్చింది. దాంట్లో ఖోట్ లేదు. కానీ ఇప్పుడు అసలు సంగతి డబ్బా వెనక, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. గిరాకీ చేతిలో ఫోను ఉంది, ఫోనులో కారు కితాబ్ ఉంది. ఉస్తాద్ చేతిలో వేళ్ల మధ్య నూనె చుక్క ఒక్కటే ఉంది. మన షెడ్లు ఖాళీ అవుతున్నది హునర్ తగ్గి కాదు.

ఒక విషయంలో మాత్రం మామూ ముందు ఏ కంపెనీ షోరూమూ నిలవదు: అమానత్. ఖాళీ అయిన మంచి కంపెనీ డబ్బాకు బజారులో గిరాకీ ఉంది, అందులో వాడేసిన నూనెను వడగట్టి పోసి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. మామూ ప్రతి ఖాళీ డబ్బాను గిరాకీ ఎదురుగానే రంపపు బ్లేడుతో కోసి పడేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా. ఎందుకు అని అడిగితే ఆయన పెద్ద మాటలేమీ చెప్పడు, "నీంద్ ఆనా నా?" అంటాడు, రాత్రి నిద్ర పట్టాలి కదా అని.

పోయిన జుమ్మా నమాజు అయ్యాక షెడ్డుకు పోయాను. మామూ ఒక తెల్లటి అట్ట, స్కెచ్‌పెన్ను తెప్పించి పెట్టాడు. ఉర్దూలో రాయమన్నాడు. ఎడమన ఇంగ్లీషు అక్షరం డబ్బా మీద ఎలా కనిపిస్తుందో అలా బొమ్మ గీసినట్టు, కుడిన ఉర్దూలో అర్థం. డబ్ల్యూ అంటే సర్దీ. ఎస్ అంటే పెట్రోల్. సీ అంటే డీజిల్. డీపీఎఫ్ ఉన్నా, లేకపోయినా కితాబ్ అడగాలి. శాగిర్ద్‌గా కొత్తగా చేరిన పిల్లవాడికి తెలుగే వచ్చు, అందుకని కింద చిన్నగా తెలుగులో కూడా రాశాను. వచ్చిన ప్రతి బండి కితాబ్‌లో ఆయిల్ పేజీ ఫోటో తీసి పెట్టడం ఇక ఆ పిల్లవాడి పని.

పెట్రోల్ వరసలో ఎస్‌క్యూ దాకా రాసి పెన్ను మూత పెడుతుంటే మామూ అట్ట చివర వేలు పెట్టాడు. "యహాఁ థోడీ జగా ఛోడ్," అన్నాడు. "ఇంకోటి వస్తుంది కదా."